మీ బ్యాంకును సంప్రదించండి

నాలుగోసారి కూడా తెర మీద ఎర్ర గీతే వచ్చింది. చెల్లింపు జరగలేదు, దయచేసి మీ బ్యాంకును సంప్రదించండి. ఇసబెల్లా ఫోనును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, మళ్ళీ చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని, ఆ మాటలను పెదవులతో చదువుకుంది. తర్వాత పక్కనే నిలబడి ఉన్న ప్రిన్సీ వైపు చూడకుండా కార్డును చీర చెంగుతో తుడిచింది.

"నంబరేమన్నా తప్పు కొట్టినానేమో చూడమ్మా."

ప్రిన్సీ చూసింది. పదహారు అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. గడువు తేదీ, వెనకవైపు మూడంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ నేరుగా ఇసబెల్లా ఇంటికే వచ్చారు. ఇసబెల్లా తలమీది ముసుగు కూడా ఇంకా తీయలేదు. ఆండర్సన్‌పేటలోని ఆ సందులో ఆమె ఇల్లూ ప్రిన్సీ ఇల్లూ ఒకే గోడకు చెరోవైపున ఉంటాయి. ముందుగదిలో సగం కుట్టుమిషను, మిగతా సగం తెల్లటి శాటిన్ గుడ్డ. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారం, ఇరవై ఒకటో తేదీన, చర్చిలో పాటలు పాడే పిల్లలకు ముప్పై ఆరు అంగీలు కుట్టివ్వడానికి ఇసబెల్లా ఒప్పుకుంది. కత్తిరింపు అయిపోయింది. కానీ కత్తెర తగిలిన చోటల్లా శాటిన్ పోగులు పోగులుగా విడిపోతోంది. అంచులకు ఓవర్‌లాక్ కుట్టు పడకపోతే ఒక్క ఉతుకుకే ఊడిపోతుంది. రాబర్ట్‌సన్‌పేటలో ఓవర్‌లాక్ వేసే రెండు దుకాణాలకూ పండగ పని నిండిపోయింది. ఓవర్‌లాక్ మిషన్లు అమ్మేవాళ్ళు తెప్పించి ఇవ్వడానికి ఇరవై రోజులన్నారు. ప్రిన్సీ పనిచేసే ఆన్‌లైన్ దుకాణంలో మాత్రం నాలుగు రోజులకే వస్తుందని రాసి ఉంది.

"మిగతావాళ్ళంతా క్రిస్మస్ అయినాకనే అంటాండారు. నీ కంపెనీ కదా అని ధైర్యంగా దీంట్లో వేసినా," అంది ఇసబెల్లా.

తలుపు పక్క మంచం మీద ఆమె భర్త ప్రేమరాజు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గనిలో పనిచేసిన మనిషి. నాలుగు మాటలకొకసారి ఆగి, భుజాలు పైకెత్తి ఊపిరి తీసుకుంటాడు. "కార్డులో దుడ్లు ఉండాయో లేవో... చూసినావా?" అన్నాడు.

"ఉండాయి. మొన్ననే చూసుకొని వచ్చినా." ఆమె గొంతులో కోపం లేదు. ఎవరో పరాయివాళ్ళ ముందు లెక్క చెప్పుకుంటున్నట్టు ఉంది. "ఉండాయి ప్రిన్సీ. లేకుండా నేను ఏంటికి వేస్తాను?"

"ఒకసారి బ్యాంకును అడగండి ఆంటీ. కొన్నిసార్లు వాళ్ళే ఆపేస్తారు," అంది ప్రిన్సీ. ఆ మాట ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది. ఆఫీసులో రోజుకు అరవై డెబ్బై సార్లు పంపే మాట అది.

సోమవారం సాయంత్రం ఆమె రైలు దిగి సందులోకి వచ్చేసరికి ఇసబెల్లా గుమ్మంలోనే ఉంది. బ్యాంకుకు వెళ్ళి వచ్చింది. పొద్దున పదింటికి పోతే ఒంటిగంటయ్యిందట. "శివరాజ్ అని పిల్లోడు, బలే మర్యాదగా మాట్లాడినాడు. నా ఎదురుగానే కంప్యూటర్లో చూసినాడు. కార్డు బాగుండాదంట. బయట మిషన్లో పెట్టి ఐదొందలు తీసి చూడమన్నాడు. తీసినా, వచ్చినాయి. మా తట్టు ఏమీ లేదమ్మా, ఆ అంగడోళ్ళనే అడగండి అన్నాడు." ఆ ఐదు వందల నోటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది, సాక్ష్యానికి తెచ్చినట్టు.

"అయితే ఇంకోసారి వేసి చూడండి. రాకపోతే మా కంపెనీకే కంప్లైంటు పెట్టండి. నేనే చూస్తా," అంది ప్రిన్సీ.

మంగళవారం మారికుప్పంలో ఎక్కినప్పుడు రైలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా నలుగురు ఆడవాళ్ళు ఒడిలో గుడ్డ పరచుకుని అనపకాయలు వలుస్తున్నారు. బంగారుపేట దాటేలోపు పెట్టెంతా ఆ కాయల వాసన నిండిపోయింది. ఆమె కృష్ణరాజపురంలో దిగి, ఫ్లైఓవరు కింద నుంచి నడిచి, మూడో అంతస్తులోని ఆఫీసులో తన కుర్చీలో కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకునేసరికి తొమ్మిదిన్నర. ఇరవై మంది ఉన్న ఆ గదిలో ఆమె చేసేది ఒకే పని. కార్డు చెల్లక ఆర్డరు ఆగిపోయినవాళ్ళకు జవాబు ఇవ్వడం. తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు నాలుగూ వస్తాయని ఆమెకు ఈ బల్ల ఇచ్చారు. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో టికెట్టు. టికెట్టు తెరిస్తే కుడివైపు మూల కారణం ఉంటుంది. డబ్బు చాలలేదు, ఓటీపీ తప్పు, కార్డు గడువు దాటింది. వాటికి తోడు ఆర్-17 అని ఒకటి. దాని అర్థం ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. దానికి మీ బ్యాంకును సంప్రదించండి అని జవాబు పంపాలని మాత్రం చెప్పారు. అది బ్యాంకులు పంపే కోడే అనుకుంటూ ఎనిమిది నెలలుగా ఆమె ఆ జవాబే పంపుతోంది.

పదకొండింటికి వచ్చిన టికెట్టులో ఇసబెల్లా పేరు ఉంది. ఐదు ప్రయత్నాలు, ఐదూ ఆర్-17. కింద ఇసబెల్లా రాసిన మాటలు: 'బ్యాంకులో కార్డు మంచిదని చెప్పినారు. దయచేసి మిషను పంపండి. పిల్లల పని.'

ప్రిన్సీ అలవాటుగా జవాబు మీదికి వేలు పోనిచ్చి ఆగింది. టికెట్టును కిందిదాకా జరిపింది. మామూలుగా అంత కిందికి ఎవరూ వెళ్ళరు. అక్కడ ఒక గడి ఉంది: బ్యాంకుకు పంపిన సమయం. అది ఖాళీగా ఉంది. డబ్బు చాలని ఒక పాత టికెట్టు తెరిచి చూసింది. దాంట్లో సెకన్లతో సహా సమయం ఉంది. ఓటీపీ తప్పిన టికెట్టులోనూ ఉంది. ఆర్-17 టికెట్లు ఒక్కొక్కటే తెరిచింది. మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బేతమంగళం, మళ్ళీ ఆండర్సన్‌పేట. అన్నింటిలోనూ ఆ గడి ఖాళీ.

భోజనం వేళ ఆమె క్యారియరు మూత తీయకుండా పక్కన పెట్టి, సొంత ఫోనులో సొంత కార్డుతో ఒక దారపుండల డబ్బా ఆర్డరు చేసింది, ఇంటి అడ్రసుకు. ఎర్ర గీత వచ్చింది. అదే డబ్బా, అదే కార్డు, అడ్రసు మాత్రం ఆఫీసుది పెట్టింది. ఈసారి పచ్చ రంగులో ధన్యవాదాలు చెప్పింది. ఆమె ఆ ఆర్డరు రద్దు చేసి, ఆఫీసు అడ్రసే ఉంచి పిన్‌కోడు ఒక్కటి ఇంటిది పెట్టి చూసింది. మళ్ళీ ఎర్ర గీత. ఎనిమిది నెలల్లో ఎంతమందిని బ్యాంకుకు పంపి ఉంటుందో లెక్క వేయబోయి, మధ్యలోనే మానేసింది.

టీమ్ లీడరు భరత్‌ది శ్రీనివాసపురం పక్కన గౌనిపల్లి. ఆఫీసులో అందరితో ఇంగ్లీషులో మాట్లాడినా ప్రిన్సీతో మాత్రం తెలుగే మాట్లాడతాడు. ఆమె చెప్పిందంతా విని, లేచి గాజు తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఆర్-17 బ్యాంకుది కాదు. మనదే," అన్నాడు. "ఒక లిస్టు ఉండాది. ఆ లిస్టులో ఉండే పిన్‌కోడు పడితే సిస్టము బ్యాంకు దాకా పోనీదు. మన జిల్లావి పదకొండు నంబర్లు ఉండాయి దాంట్లో."

"ఏంటికి సార్?"

"రెండేండ్ల కింద ఆ పక్క ఎవరో దొంగ కార్డులతో ఫోన్లు తెప్పించుకొన్నారంట. ఎంతమంది, ఏ ఊరోళ్ళు అని నేనూ అడిగినా. ఎవరికీ తెలీదు."

"లిస్టులోనించి తీసేయమని అడగలేమా?"

"ఫారం ఉండాది. నేను రెండుసార్లు నింపినా. తొంభై దినాలు ఆ పిన్‌కోడు నుంచి వచ్చిన ఆర్డర్లలో దొంగ కార్డని ఒక్క తగాదా కూడా ఉండకూడదు, ఆ రికార్డు పెట్టమంటారు. ఆర్డరే పోనీనప్పుడు రికార్డు యాడనుంచి వస్తాది? రికార్డు చాలలేదు అని తిరిగి పంపిస్తారు." అతను నవ్వబోయి మానుకున్నాడు. "మా ఊరూ దాంట్లోనే ఉండాది ప్రిన్సీ. మా నాయినకు ఏం కావాల్సినా ఈడ నా రూముకు తెప్పించుకొని, ఆదివారం బస్సులో ఎత్తుకొని పోతా."

"మరి బ్యాంకును అడగమని ఏంటికి చెప్తాము?"

భరత్ బల్ల మీది కీబోర్డును కొంచెం ముందుకు జరిపాడు. "మీ ఊరికి అమ్మము అని రాయలేరు కదా. ఇది బయట చెప్పొద్దు. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో అదీ ఉండాది."

ఆ మధ్యాహ్నం ఆమె ఇసబెల్లా టికెట్టుకు జవాబు పంపలేదు. మిగతావాటికి పంపింది. సాయంత్రం ఆరింటికి లెక్క చూస్తే డెబ్బై నాలుగు.

బుధవారం పదిన్నరకు ఆమె మెట్ల దగ్గరికి వచ్చి ఇసబెల్లాకు ఫోను చేసింది. మిషను ఆఫీసు అడ్రసుకు తెప్పిస్తానని, ఆఫీసుకైతే రెండు రోజులే కాబట్టి శుక్రవారం వస్తే రైల్లో తానే తెస్తానని చెప్పింది. "నా కార్డుతో వేస్తా ఆంటీ. మీరు తర్వాత ఇవ్వచ్చు."

"వద్దమ్మా," అంది ఇసబెల్లా వెంటనే. "నా కార్డుతోనే వేయి. నాది చెల్లుతాదా లేదా చూడాల నేను." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "మీ అంకుల్ రెండు దినాలుగా అడగతానే ఉండాడు. దుడ్లు యాడనన్నా ఖర్చు పెట్టేసి నాకు చెప్పలేదా అంటాడు," అంది.

ప్రిన్సీ మెట్ల మీదే కూర్చుని, ఇసబెల్లా ఒక్కొక్కటిగా చెబుతుంటే పదహారు అంకెలూ కొట్టింది. అడ్రసు కింద ఆఫీసు మూడో అంతస్తు పెట్టింది. ఇసబెల్లా ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది, రెండోసారి ఇంకా నిదానంగా. తెర కాసేపు గుండ్రంగా తిరిగి తిరిగి పచ్చగా మారింది.

"అయ్యిందా?"

"అయ్యింది ఆంటీ."

"చెల్లిందా?" మరుక్షణం ఆమె ఫోను పక్కకు తిప్పి గట్టిగా అరవడం వినిపించింది. "చెల్లిందంట! వినపడిందా? నా కార్డు బాగుండాది!" మంచం కిర్రుమన్న చప్పుడూ, ప్రేమరాజు దగ్గూ వినిపించాయి. మళ్ళీ ఇసబెల్లా గొంతు. "దేవునికి స్తోత్రం. మరి ఇన్ని దినాలు ఏంటికి రాలేదంట?"

గోడకు అతికించిన కాగితం మీద లిఫ్టు పనిచేయదని రాసి ఉంది. ప్రిన్సీ దాన్నే చూస్తూ, "ఏదో సిస్టము తప్పంట ఆంటీ," అంది.

శుక్రవారం పొద్దున ఆమె మిషనును మోసుకుపోవడానికి పెద్ద సంచీ, ఒక నైలాను తాడు తెచ్చుకుంది. పన్నెండైనా పార్సెలు రాలేదు. పన్నెండుంపావుకు భరత్ ఆమెను గాజు గదిలోకి పిలిచాడు. అతని ముందు కంప్యూటరు తెర ఆమె వైపుకు తిప్పి ఉంది. ఇసబెల్లా ఆర్డరు బూడిదరంగులోకి మారింది. రద్దు అయింది. డబ్బు ఏడు పనిదినాల్లో వెనక్కి వస్తుందని కింద ఉంది.

"ఎవురూ కూర్చొని చేయలేదు ఇది. సిస్టమే పట్టుకొన్నాది," అన్నాడు భరత్. "ఒక కార్డు ఒక ఊర్లో ఐదుసార్లు ఆగిపోయినాది. ఆరోసారి వేరే ఫోనులోనించి, వేరే ఊరి అడ్రసుకు పోయినాది. ఆ అడ్రసు మన ఆఫీసుది. కార్డు ఆమెది, ఫోను నీది. దొంగ కార్డులోళ్ళు చేసేది అచ్చం ఇట్లనే. నేను నా కార్డుతో తెప్పించుకొంటాను కాబట్టి నన్ను పట్టుకోదు."

"ఆమే నాకు నంబరు చెప్పింది సార్. ఓటీపీ ఆమే చదివింది. ఆమెకు ఫోను చేసి అడగండి."

"నాకు తెలుసు. నేను నమ్ముతా. నమ్ముతానని రాసే గడి యాడా లేదు దీంట్లో." అతను ఒక కాగితం ముందుకు జరిపాడు. ఇంగ్లీషులో ఆరు వరుసలు. కస్టమరు కార్డును జాబితాలోని ప్రాంతం నుంచి, సంబంధం లేని అడ్రసుకు వాడినట్టు ఉద్యోగి ఒప్పుకుంటున్నట్టు. "నీ ఉద్యోగానికి ఏమీ కాదు. మొదటిసారి కాబట్టి సుమ్నే, ఊరికే హెచ్చరిక అంతే. కింద సంతకం పెట్టు, అయిపోతాది."

"ఈ కాగితం యాడికి పోతాది సార్?"

అతను పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. "ఆ లిస్టు ఫైల్లోకి. మీ పిన్‌కోడు కింద ఇంకొక కేసు అయితాది."

ప్రిన్సీ కాగితాన్ని ఇంకోసారి చదివింది. రాసినవన్నీ జరిగినవే. ఒక్క అబద్ధం కూడా లేదు. తీసేయమని ఏదన్నా మాట మీద వేలు పెట్టాలనుకుంది, పెట్టడానికి మాట దొరకలేదు. గాజుకు అవతల పంతొమ్మిదిమంది తెరల వైపు చూస్తూ టైపు చేస్తున్నారు. అమ్మ మందులు, చెల్లెలి నర్సింగు ఫీజు, ఈ బల్ల. ఆమె సంతకం పెట్టింది. పెన్ను భరత్‌కు తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం సంచీ మడతపెట్టి చంకలో పెట్టుకుని ఇసబెల్లా ఇంట్లోకి వెళితే, గదిలో దీపం వేసి ఉంది. నేల మీద చాప పరిచి, ఇసబెల్లా శాటిన్ అంగీ ఒకటి మోకాళ్ళ మీద వేసుకుని, అంచు లోపలికి మడిచి చేత్తో కుడుతోంది. ఆ మెత్తటి గుడ్డ జారిపోకుండా ఎడమ కాలి బొటనవేలితో అదిమి పట్టుకుంది. మంచం మీద ప్రేమరాజు కళ్ళద్దాలు పెట్టుకుని సూదుల్లో దారం ఎక్కించి, దిండు గలీబుకు వరసగా గుచ్చుతున్నాడు. గోడకు ఆరు అంగీలు వేలాడుతున్నాయి.

"రద్దు అయిపోయిందంట కదా," అంది ఇసబెల్లా తల ఎత్తకుండా. "పన్నెండింటికే మెసేజు వచ్చినాది. వివరాలకు మీ బ్యాంకును సంప్రదించండి అని. అన్నం కూడా తినకుండా బ్యాంకుకు పోయినా."

ప్రిన్సీ చాప అంచున కూర్చుంది.

"ఆ శివరాజును ఈయాల వదల్లేదు నేను. అందరూ వింటా ఉండారు, అయినా వదల్లేదు. మొన్న నవ్వతా బాగుండాది అని పంపించినావు, మల్లీ వెనకనించి ఆపేస్తా ఉండావు, అబద్ధాలకోరువి నువ్వు, ముసిలోళ్ళంటే నీకు ఆటగా ఉండాది అన్నా. మేనేజరు బయటికి వచ్చినాడు. ఆ పిల్లోడు మొగం ఎర్రగా చేసుకొని, ఒక్క మాట తిరిగి అన్లేదు. మీకు నమ్మకం లేకపోతే కార్డు మార్చిస్తామమ్మా అన్నాడు. ఇచ్చేసినా. వాడు కత్తెరతో రెండు ముక్కలు చేసినాడు. కొత్తది రావడానికి పది దినాలంట."

"ఆంటీ," అంది ప్రిన్సీ. చేతికి దొరికిన శాటిన్ ముక్క అంచు నుంచి ఒక పోగు లాగింది, అది లాగేకొద్దీ వస్తూనే ఉంది. "ఆంటీ, కార్డు బాగుండింది. మొదటినించీ బాగుండింది. బ్యాంకోళ్ళు ఏమీ చేయలేదు. మేమే ఆపినాము."

ఇసబెల్లా సూది ఆగింది.

"మీరని కాదు. మన ఊరని. మన ఊరి పిన్‌కోడు పడితే మా సిస్టము తీసుకోదు. నాకు మంగళవారమే తెలిసినాది. చెప్పకూడదని చెప్పలేదు."

ప్రేమరాజు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రిన్సీ తిట్లు పడతాయని ఎదురుచూసింది. పడితే బాగుండుననుకుంది. ఇసబెల్లా చేతిలోని అంగీని చాలాసేపు చూసింది, కుట్టు ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు.

"అంటే," అంది చివరికి, "ఆ పిల్లోడు నిజమే చెప్పినాడా?"

"నిజమే ఆంటీ."

"వాణ్ణి అంతమందిలో అబద్ధాలకోరు అన్నానే." ఆమె సూదిని గుడ్డలో గుచ్చి అంగీ పక్కన పెట్టింది. "రేపు పోదాం."

"రేపు రెండో శనివారం. బ్యాంకు లేదు."

"అయితే సోమారం. నువ్వు కూడా రావాల."

సోమవారం ప్రిన్సీ రైలెక్కలేదు. ఒంట్లో బాగలేదని భరత్‌కు మెసేజు పెట్టింది. అంతకు ముందు శని, ఆది రెండు రోజులూ చాప మీద ఇసబెల్లా ఎదురుగా కూర్చుని అంచులు కుట్టింది. ఇద్దరూ కలిసి పదకొండు చేయగలిగారు. ప్రిన్సీ వేళ్ళ కొనలు సూదిపోట్లతో గరుకుగా అయ్యాయి. ఇసబెల్లా వచ్చే ఆదివారానికి ఇరవై ఐదు దాకా ఇవ్వగలనని పాస్టరమ్మకు చెప్పి పంపింది. మిగతా పిల్లలకు ఏం చెబుతారో ఆమె అడగలేదు.

బ్యాంకులో పింఛన్ల రద్దీ. వరస తలుపు దాకా ఉంది. ఇసబెల్లా ముందుకు తోసుకుపోలేదు. వరసలోనే నిలబడి, తన వంతు వచ్చేదాకా ముప్పావు గంట ఆగింది. కిటికీ అవతల శివరాజ్ ఆమెను చూడగానే కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. మెడలో తాడుకు గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"కొత్త కార్డు ఇంకా రాలేదమ్మా," అన్నాడు ముందే.

"దానికి రాలేదప్పా నేను." ఇసబెల్లా గొంతు పెద్దది చేసింది. శుక్రవారం ఎంత గట్టిగా అని ఉంటుందో అంతే గట్టిగా. వరసలో వాళ్ళు తలలు తిప్పారు. "మొన్న నిన్ను అబద్ధాలకోరువి అన్నా. నువ్వు చెప్పింది నిజము. తప్పు నాది. అందరూ విన్నారు కాబట్టి అందరూ వినేటప్పుడే చెప్తా ఉండా. మనసులో పెట్టుకోవద్దు నాయినా."

శివరాజ్ చుట్టూ చూశాడు. స్టాంపు ప్యాడు మూత తీసి మళ్ళీ మూశాడు. "ఏం లేదమ్మా. దినానికి నలుగురైదుగురు వస్తారు మీ మాదిరి. బ్యాంకును అడగమన్నారు అంటారు. మేమేం చెప్పాలో మాకే తెలీదు." తర్వాత, "నిజమని మీకెవరు చెప్పినారు?" అన్నాడు.

ఇసబెల్లా పక్కనే నిలబడిన ప్రిన్సీ వైపు చూడలేదు. "తెలిసినోళ్ళు," అంది.

వెనకనుంచి ఒక చెయ్యి ఇసబెల్లా భుజాన్ని తట్టింది. తలపాగా చుట్టుకున్న పెద్దాయన. పేరు చిక్కవెంకటప్ప అని, బేతమంగళం పక్కనుంచి వచ్చానని చెప్పుకున్నాడు. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన కార్డు, ఫోను. "తెలిసినోళ్ళెవరమ్మా? నాకూ అదే చెప్పినారు. మా ఇంటామె తొడ ఎముక విరిగి మంచాన ఉండాది. లేచి దొడ్డికి పోయేదానికి కాదు. కమ్మోడు కుర్చీ ఒకటి ఆర్డరు వేస్తే మూడుసార్లు పోలేదు. ఎవరో తెలిస్తే కొంచెం చెప్పండి, పోయి అడగతా."

ప్రిన్సీని అట్లాగే వెనక్కి ఉంచేద్దామని ఇసబెల్లా మోచెయ్యి కొంచెం వెనక్కి జరిగింది. ప్రిన్సీ ఆ మోచేతిని దాటి ముందుకు వచ్చింది.

"నేనే అప్పా," అంది. "ఆ అంగడిలో పనిచేసేది నేనే. మిమ్మల్ని ఈడికి పంపించింది కూడా నేనే అయి ఉంటాను. మీ కార్డు బాగుండాది. ఈళ్ళ తప్పు ఏమీ లేదు. ఆపేది మేమే."

"ఏంటికమ్మా? నేనేం చేసినా?"

"మీరేమీ చేయలేదు. మన ఊర్లకు పంపకూడదని పెట్టుకొన్నారు."

పెద్దాయన ప్లాస్టిక్ కవరును రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "సరే. మరి కుర్చీ?"

"రాదప్పా."

"నువ్వు చెప్పినా రాదా?"

"నేను చెప్పినా రాదు."

అతను తల ఊపాడు. వరసలోంచి పక్కకు తప్పుకుని, గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. కవరు విప్పి కార్డు బయటికి తీసి, రెండు వైపులా తిప్పి చూసుకున్నాడు. "ఈ అకౌంటు మా కొడుకు నాగేశు చేసిచ్చినాడు. హోసూర్లో కంపెనీలో ఉండాడు. వాడే, పెళ్ళాం మాట విని, నాకు తెలీకుండా ఆపేసినాడు అనుకొంటిని," అన్నాడు, ఎవరితోనో కాకుండా. "నాలుగు దినాలుగా వాడు ఫోను చేస్తే ఎత్తలేదు నేను."

ప్రిన్సీ అతని పక్కన కూర్చోవాలో, వెళ్ళిపోవాలో తెలియక అక్కడే నిలబడింది. ఆఫీసులో ఈపాటికి ఆమె బల్ల మీది తెరలో ఎర్ర టికెట్లు పేరుకుపోతూ ఉంటాయి. ఆమె లేకపోతే పక్క బల్లవాళ్ళు అదే జవాబు పంపుతారు.

చిక్కవెంకటప్ప ఫోనును ఎడమచేతిలో పట్టుకుని, చూపుడువేలితో ఒక్కొక్క అంకె వెతుక్కుంటూ నొక్కాడు. చెవికి ఆనించుకున్నాడు. అటువైపు ఎత్తేదాకా తల వంచుకుని ఎదురుచూశాడు.

"నాగేశా," అన్నాడు. ఒళ్ళోని కార్డును కవరులోకి తోశాడు. "ఏం లేదు నాయినా. సుమ్నే చేసినా. తిన్నావా?"